చూపుకు అందని మనిషి

బాన్సువాడ బస్టాండులో ఓ గంట కూర్చుంటే మూడు భాషల మనుషులు కనిపిస్తారు. మద్నూర్, జుక్కల్ వైపు నుంచి వచ్చినవాళ్ల మాటల్లో మరాఠీ, కన్నడం కలగలిసి ఉంటాయి. తండాల నుంచి వచ్చిన లంబాడా అవ్వల చేతుల నిండా గాజులు. వర్ని వైపు క్యాంపులవాళ్లు నోరు తెరిస్తే చాలు, కోస్తా యాస పట్టిస్తుంది. 1931లో నిజాంసాగర్ ప్రాజెక్టు పూర్తయ్యాక, కాలువ నీళ్లను నమ్ముకుని వచ్చి స్థిరపడినవాళ్ల మనవలు వాళ్లు. ధోతీని బట్టి, రుమాలును బట్టి, బుర్ఖాను బట్టి, బొట్టును బట్టి ఎవరు ఎక్కడివాళ్లో ఇక్కడివాళ్లు ఇట్టే చెప్పేస్తారు. బట్టల కొట్టు యజమానికైతే అది బతుకుదెరువు. గడప దాటి లోపలికొచ్చిన మనిషి చెప్పులు చూసే, పై అరలో చీర దింపాలో కింది అరలో చీర తీయాలో తేల్చుకుంటాడు. తప్పేం కాదు. రోజుకు వందమందిని చూసేవాడు ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి కథంతా అడగలేడు కదా!

చిక్కల్లా ఆ చూపు అక్కడే ఆగిపోయినప్పుడు వస్తుంది.

బైబిల్లో సమూయేలు ప్రవక్త సంగతే చూడండి. బేత్లెహేములో యెష్షయి ఇంటికి, ఆయన కొడుకుల్లో ఒకరిని రాజుగా అభిషేకించడానికి వెళ్లాడు. పెద్దకొడుకు ఏలీయాబు ఎదురొచ్చాడు. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు. ప్రవక్త మనసులోనే నిర్ణయం చేసేసుకున్నాడు... ఇతనే రాజు అని. దేవుడు కాదన్నాడు. మనుషులు పైరూపం చూస్తారు, తాను హృదయం చూస్తానన్నాడు. ఏడుగురు కొడుకులు వరసగా వచ్చి వెళ్లారు. ఎనిమిదోవాడు గొర్రెల దగ్గర ఉన్నాడు. కన్నతండ్రికే అతన్ని పిలవాలని తోచలేదు! ఈ కథలో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. అంతకుముందు రాజైన సౌలు కూడా జనంలో అందరికన్నా ఎత్తైనవాడు, అందగాడు. అతణ్ని అభిషేకించిన చేతులూ సమూయేలువే. ఆ పాలన ఎలా దారితప్పిందో కళ్లారా చూశాక కూడా ఆయన చూపు మళ్లీ ఎత్తు మీదకే పోయింది. అంత పాతుకుపోయిన అలవాటది. అన్నట్టు, దావీదు కూడా అందగాడేనని అదే అధ్యాయం చెబుతుంది. కాబట్టి అందంగా ఉన్నవాళ్లు చెడ్డవాళ్లనో, నలిగిన చొక్కావాడే పుణ్యాత్ముడనో తీర్పు చెప్పడం కూడా అదే తప్పును తిరగేసి చేయడమే అవుతుంది.

యాకోబు రాసిన పత్రిక మరీ సూటిగా ఉంటుంది. సమాజమందిరంలోకి బంగారు ఉంగరం పెట్టుకున్నవాడొకడు, మాసిన బట్టలవాడొకడు వచ్చారనుకోండి. మొదటివాడికి మంచి చోటు చూపించి, రెండోవాణ్ని నిలబడమనో కాళ్ల దగ్గర కూర్చోమనో అంటే మీరు తీర్పు తీర్చినట్టు కాదా అని అడుగుతుందది. రెండువేల ఏళ్ల కిందటి ఉత్తరం! ఈ ఆదివారం ఏ చర్చిలోనైనా చదివితే ముందు వరసలో వేసిన కుషన్ కుర్చీలు కాస్త ఇబ్బందిగా కదులుతాయి.

తెలుగు క్రైస్తవుల ఇళ్లల్లో ఈ పైచూపు ఇంకో రకంగానూ పనిచేస్తుంది. కొన్ని సంఘాల్లో ఆడవాళ్లు బొట్టు పెట్టుకోరు, నగలు వేసుకోరు. నిరాడంబరంగా ఉండాలన్న మంచి ఉద్దేశంతో మొదలైన పద్ధతే. కానీ క్రమంగా తెల్లచీరే భక్తికి కొలతగా మారిపోతుంది. మెళ్లో పుస్తెలతాడు కాస్త లావుగా కనిపించిన కోడలి విశ్వాసం మీద అత్తగారి తరఫు వాళ్లకు అనుమానం. బయట వీధిలో తీర్పు మరో తీరు. బొట్టు లేని నుదురు చూడగానే పేరంటానికి పిలవాలా వద్దా అన్న తటపటాయింపు. ఒకే నుదురు, రెండు వైపుల నుంచీ తీర్పులు.

ఇవన్నీ రోజూ ఉండేవే. మనసు నొచ్చుకుంటుంది, మరుసటి వారానికి సర్దుకుంటుంది. కానీ మొహం చూసి ఇచ్చిన తీర్పు ఒక మనిషిని ఊరి నుంచి, ఇంటి నుంచి, చివరికి కన్నబిడ్డల నుంచి వెళ్లగొట్టిన సందర్భం ఒకటుంది. దానికి సాక్ష్యం ఈ ప్రాంతంలోనే ఉంది. బాన్సువాడ నుంచి నిజామాబాద్ మీదుగా హైదరాబాద్ రోడ్డు పడితే, నిజామాబాద్ దాటిన కాసేపటికి డిచ్‌పల్లి వస్తుంది. ఈ తరం పిల్లలకు డిచ్‌పల్లి అంటే 2006లో వచ్చిన తెలంగాణ యూనివర్సిటీ. వాళ్ల తాతల తరానికి మాత్రం డిచ్‌పల్లి అంటే దవాఖానా. గొంతు తగ్గించి చెప్పుకునే దవాఖానా.

ఇసబెల్ కెర్ స్కాట్లాండ్‌లో 1875లో పుట్టారు. అబర్డీన్ విశ్వవిద్యాలయంలో వైద్యం చదివారు. ఆ రోజుల్లో ఆడపిల్ల డాక్టరీ చదవడమే వింత. భర్త జార్జి కెర్ వెస్లియన్ మెథడిస్టు మిషనరీ. 1907లో ఇద్దరూ నిజాం రాజ్యానికి వచ్చి నిజామాబాద్‌లో పని మొదలుపెట్టారు. ఆమె వచ్చింది మామూలు వైద్యం చేయడానికే. కానీ ఎక్కడ చూసినా కుష్ఠురోగులు కనిపించారు. జనం నోట ఆ జబ్బు పేరు కూడా వచ్చేది కాదు, ‘పెద్దరోగం’ అనేవాళ్లు. వేళ్లు వంకర్లు పోయి, కనుబొమలు రాలి, ముక్కు కుంగిన మనిషిని ఊరి పొలిమేర దాటించేవాళ్లు. సంతలోకి రానిచ్చేవాళ్లు కాదు, బావి దగ్గరికి రానిచ్చేవాళ్లు కాదు. ఆ రోగులకంటూ వైద్యమే లేదని గ్రహించిన కెర్ దంపతులు ముందు చిన్నగా ఒక ఆశ్రయం తెరిచారు. వచ్చేవాళ్లు ఎక్కువ, చోటు తక్కువ. అప్పుడు పెద్ద ఆసుపత్రి కట్టడానికి డబ్బు ఇచ్చింది మిషన్ సొసైటీ కాదు. రాజా నర్సాగౌడ్ అనే స్థానిక ధనికుడు. హిందువు. ఆయన విరాళంతో 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మొదలైంది.

ఇక్కడ కాసేపు ఆగాలి. మంచి సమరయుడి కథ సండే స్కూల్లో చెప్పేటప్పుడు పిల్లలంతా తామే సమరయుడి వేషం కడతారు. దారిలో దెబ్బలు తిని పడిపోయినవాణ్ని చూసి పక్కకు తప్పుకున్న యాజకుడి వేషం ఎవరికీ వద్దు. కానీ యేసు ఆ కథ చెప్పింది తన మతంవాళ్లకు. అందులో జాలి చూపించింది వాళ్లు చిన్నచూపు చూసే వేరే జాతివాడు. డిచ్‌పల్లి కథలో క్రైస్తవ మిషనరీల చేతి పని ఎంతుందో, వాళ్ల మతం కాని ఒక తెలుగువాడి సంచి కూడా అంతే ఉంది. ఈ ఆసుపత్రి చరిత్ర చెప్పేవాళ్లు కెర్ పేరు తల్చుకున్నంతగా నర్సాగౌడ్ పేరు తల్చుకోరు. అది మాత్రం న్యాయం కాదు.

అప్పట్లో ఈ రోగానికి మందంటే చాల్‌మోగ్రా జాతి గింజల నూనె ఒక్కటే. తాగితే వాంతులు. చాలామంది రోగులు మందు కన్నా రోగమే నయమని మానేసేవాళ్లు. దాన్ని శుద్ధి చేసి ఇంజెక్షన్‌గా ఇచ్చే పద్ధతి వచ్చాక పరిస్థితి కొంత మారింది. కలకత్తాలో పనిచేసిన డాక్టర్ ఎర్నెస్ట్ మ్యూర్ ఆ పద్ధతికి పేరు తెచ్చారు. డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ దాన్ని పట్టుదలగా అమలు చేశారు. 1923లో కెర్ దంపతులకు బ్రిటిష్ ప్రభుత్వం కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. ఆమె 1932లో కన్నుమూశారు. నూనె ఇంజెక్షన్లతో పూర్తిగా నయమైనవాళ్లు ఎందరన్నది పక్కన పెడితే, అంతకుముందు జరగనిది ఒకటి అక్కడ జరిగింది. ఊరు తరిమేసిన మనిషి చెయ్యి పట్టుకుని ఒక డాక్టరమ్మ సూది వేసింది. వారం తిరక్కుండా మళ్లీ అదే చెయ్యి పట్టుకుంది.

సువార్తల్లో కుష్ఠురోగి కథ తెలిసినవాళ్లకు ఇందులో ఒక పోలిక తడుతుంది. ఆ రోగి యేసు ముందు మోకరించి, నీకిష్టమైతే నన్ను బాగుచేయగలవన్నాడు. యేసు మాటతో బాగుచేయగలడు, చాలామందిని అలాగే చేశాడు కూడా. ఇక్కడ మాత్రం ముందు చెయ్యి చాపి ముట్టుకున్నాడు. రోగం పోయింది ఆ తర్వాత. అంటే ఆ చెయ్యి తగిలినప్పుడు అతని ఒంటి మీద రోగం ఇంకా ఉంది. ధర్మశాస్త్రం ప్రకారం ముట్టకూడని ఒళ్లు అది. ఎన్నేళ్ల తర్వాత ఒక మనిషి చెయ్యి తగిలిందో! ఆ వాక్యం మీద చర్చిల్లో ప్రసంగాలు జరుగుతూనే ఉంటాయి. ఎక్కువ ప్రసంగాలు స్వస్థత మీదే ఉంటాయి, ఆ తాకడం మీద కాదు.

ప్రసంగాల మాట వచ్చింది కాబట్టి ఇంకో సంగతి. బైబిల్ పాత నిబంధనలో కుష్ఠు అని అనువదించిన హీబ్రూ మాట ఈ ఒక్క జబ్బుకే పేరు కాదు. రకరకాల చర్మవ్యాధులకు అది వర్తిస్తుంది. లేవీయకాండంలో బట్టల మీద, ఇంటి గోడల మీద వచ్చే మచ్చలకు కూడా అదే మాట వాడారు. గోడకు కుష్ఠు రాదు కదా! అది బూజో చెమ్మో అయి ఉంటుంది. అయినా అనువాదంలో ఆ ముద్రంతా ఒకే రోగం మీద పడింది. దానికి తోడు పాపానికి పోలికగా కుష్ఠును చెప్పడం ప్రసంగీకులకు తరతరాల అలవాటు. ‘పాపం కుష్ఠులాంటిది’ అని మైకులో గట్టిగా చెబుతున్నప్పుడు, వెనక వరసలో మోచేతి దాకా చీర కొంగు కప్పుకుని కూర్చున్న తల్లి ఏమనుకుంటుందో పాస్టరుగారికి తట్టదు. ఆ పోలిక మానేస్తే సువార్తకు వచ్చే నష్టమేమీ లేదు.

రోగం సంగతి వైద్యులు చెప్పేది వింటే, పైచూపు ఎంత తప్పుదారి పట్టిస్తుందో తెలుస్తుంది. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో ఈ రోగానికి కారణమైన సూక్ష్మజీవిని కనిపెట్టాడు. శాపం కాదు, వంశపారంపర్యం కాదు, పాపఫలం అసలే కాదు. నూటికి 95 మందికి దీన్ని తట్టుకునే శక్తి పుట్టుకతోనే ఉంటుంది. చికిత్స తీసుకోని రోగితో చాలాకాలం దగ్గరగా మెలిగితే, దగ్గు, తుమ్ముల తుంపర్ల ద్వారా సోకే అవకాశం ఉంది. అది కూడా బయటపడటానికి ఏళ్లు పడుతుంది. కరచాలనం చేస్తేనో, బస్సులో పక్కన కూర్చుంటేనో అంటుకునేది కాదు.

ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని పక్కపక్కన నిలబెట్టండి. ఒకాయనకు డెబ్భై ఏళ్లు. వేళ్లు మొద్దుబారి పొట్టివైపోయాయి, ముక్కు కుంగింది, కాలికి కట్టు. ఇంకో కుర్రాడికి పాతికేళ్లు. ఇస్త్రీ చొక్కా, చక్కటి క్రాఫు, వీపు మీద ఎవరికీ కనిపించని పాలిపోయిన మచ్చ నాలుగైదు చోట్ల. జనం ఎవరికి దూరంగా జరుగుతారు? పెద్దాయనకే. కానీ ఆయన ముప్ఫై ఏళ్ల కిందటే మందులు వాడి బాగైపోయి ఉండొచ్చు. ఆయన ఒంట్లో రోగమే లేదు, రోగం చేసివెళ్లిన గాయాలున్నాయి. కుర్రాడు మందు మొదలుపెట్టలేదు. పదిమందికి అంటించగల అవకాశం ఉన్నది అతనికే, అది అతనికే తెలియదు. కళ్లు చెప్పిన తీర్పు రెండు వైపులా తప్పే!

వేళ్లు రాలిపోతాయన్నది కూడా అపోహే. రోగం నరాలను దెబ్బతీస్తుంది, స్పర్శ పోతుంది. వేడి గిన్నె కాలినా తెలియదు, చెప్పులో మేకు దిగినా తెలియదు. దెబ్బ మీద దెబ్బ తగిలి, పుండు పడి, ఎముక కరిగి వేలు కురచవుతుంది. నొప్పి అనేది లేకపోవడం ఎంత పెద్ద శిక్షో ఈ రోగులను చూస్తే అర్థమవుతుంది.

తమిళనాడు కొల్లి కొండల్లో మిషనరీ దంపతులకు 1914లో పుట్టిన పాల్ బ్రాండ్ ఎముకల డాక్టరు. వెల్లూరు సీఎంసీలో పనిచేసేవారు. 1940ల చివర్లో చెంగల్పట్టు కుష్ఠు ఆసుపత్రి చూడ్డానికి వెళ్లారు. కొంకర్లు పోయిన ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా పట్టుకోమన్నారు. ఆ చేతిలో ఏం బలముంటుందిలే అనుకున్న డాక్టరుకు నొప్పి పుట్టేంత గట్టిగా బిగిసింది పట్టు! చచ్చుబడిందనుకున్న చేతిలో కొన్ని కండరాలే పడిపోయాయి, మిగతావి భేషుగ్గా ఉన్నాయి. ఆ మంచి కండరాల స్నాయువులను మార్చి కడితే వేళ్లు మళ్లీ తెరుచుకుంటాయని బ్రాండ్ ఆపరేషన్లు చేసి చూపించారు. ప్రపంచమంతా నేర్చుకున్న వైద్యం అది. నిపుణులైన డాక్టర్లు కూడా అంతదాకా ఆ చేతుల్ని చూశారు, పట్టుకుని చూడలేదు. అక్కడితో అయిపోలేదు. చేతులు బాగైన రోగులు ఊళ్లకు వెళ్లి, పని దొరక్క తిరిగొచ్చేవాళ్లు. చెయ్యి పనిచేస్తుంది సరే, కనుబొమలు లేని మొహం చూసి ఎవరూ పని ఇవ్వరు. దాంతో బ్రాండ్ బృందం కనుబొమలు అతికే ఆపరేషన్లు, ముక్కు సరిచేసే ఆపరేషన్లు కూడా చేయాల్సి వచ్చింది. ఒంటి అవసరం కోసం కాదు, చూసేవాళ్ల కళ్ల కోసం.

వాళ్లతోపాటు పనిచేసిన డాక్టర్ మేరీ వర్గీస్ గురించి ఒక్క మాట. 1954లో కారు ప్రమాదంలో ఆమెకు నడుం కింది భాగం పూర్తిగా చచ్చుబడింది. మొహం మీద గాయం మచ్చ. వీల్‌చైర్‌లో కూర్చునే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేశారు. ఆ ఆపరేషన్ బల్ల దగ్గర డాక్టరుకూ రోగికీ ఒకరి బాధ ఇంకొకరికి చెప్పనక్కర్లేకుండా అర్థమై ఉంటుంది.

చట్టం చూపు కూడా చాలాకాలం పైపైనే ఉండిపోయింది. రోగులను పట్టుకెళ్లి వేరుగా ఉంచేందుకు 1898లో బ్రిటిష్‌వాళ్లు చేసిన చట్టం 2016లో గానీ పూర్తిగా రద్దు కాలేదు. భార్యకో భర్తకో కుష్ఠు ఉందని విడాకులు కోరే వీలు 2019 దాకా ఉంది. కుష్ఠు ఉన్నవారు మున్సిపల్ పదవికి అనర్హులన్న ఒడిశా చట్టాన్ని 2008లో సుప్రీంకోర్టే సమర్థించింది. అప్పటికి, పూర్తిగా నయం చేసే బహుళ ఔషధ చికిత్సను ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసి పాతికేళ్లు దాటింది! మూడు మందులు, రోగం తీరును బట్టి ఆరు నెలలు లేదా ఏడాది, అదీ ఉచితంగా. చికిత్స మొదలుపెట్టిన కొద్దిరోజులకే రోగి నుంచి ఇంకొకరికి సోకే ప్రమాదం పోతుంది.

అయినా మధ్యలో మానేసేవాళ్లున్నారు. దానికి ఒక కారణం వింటే మనసు చివుక్కుమంటుంది. ఈ మందుల్లో క్లోఫాజిమిన్ అనేదాని వల్ల చర్మం నల్లబడుతుంది. మందు ఆపాక కొన్ని నెలలకు మళ్లీ మామూలవుతుంది. కానీ ఆ నెలల్లో పక్కింటివాళ్లు ఊరుకోరు. ‘ఏమైంది బిడ్డా, గిట్ల నల్లగైనవ్?’ అని అడుగుతారు, ప్రేమగానే. పెళ్లి కావాల్సిన పిల్లయితే తల్లి గుండె ఆగినంత పనవుతుంది. రోగం వచ్చినప్పుడు ఎవరికీ కనిపించలేదు. నయమవుతున్నప్పుడు కనిపిస్తోంది. దాంతో మందు ఆగిపోతుంది.

పదివేల మందికి ఒకరి కన్నా తక్కువే ఉన్నారు కాబట్టి, ప్రజారోగ్య సమస్యగా కుష్ఠును నిర్మూలించామని 2005 డిసెంబరులో దేశం ప్రకటించుకుంది. నిర్మూలన అన్న మాటను జనం రోగమే లేదని అర్థం చేసుకున్నారు. నిజానికి ప్రపంచంలో ఏటా బయటపడే కొత్త కేసుల్లో సగానికి పైగా భారతదేశంలోనివే. 2022లో లక్ష పైచిలుకు. కుష్ఠును మరిచిపోయిన తరం మచ్చను చూసి తామర అనుకుంటుంది. మెడికల్ షాపులో ట్యూబు కొనుక్కుంటుంది. ఏడాది, రెండేళ్లు గడిచిపోతాయి. అప్పటికి చిటికెన వేలు వంగడం మొదలవుతుంది. పోయిన స్పర్శను ఏ మందూ పూర్తిగా తిరిగి తేలేకపోవచ్చు.

అందుకే కుష్ఠు సర్వేల్లో ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరుగుతారు. 2016 నుంచి ఇది ఉద్యమంలా సాగింది. గాంధీజీ వర్ధంతి జనవరి 30ని కుష్ఠు వ్యతిరేక దినంగా పాటిస్తారు కాబట్టి ఆ రోజుల్లో ఊళ్లలో కాస్త హడావుడి ఎక్కువ. ఆశా అడిగే ప్రశ్న ఒక్కటే, ఒంటి మీద పాలిపోయిన మచ్చలేమైనా ఉన్నాయా అని. చాలా ఇళ్లల్లో జవాబు కూడా ఒక్కటే, ‘మా ఇంట్ల గసొంటివి లేవమ్మా’. తలుపు సగం తెరిచే చెబుతారు. కొన్ని ఇళ్లల్లో మాత్రం ముసలవ్వ కలగజేసుకుని, ‘చూపియ్యరాదే పిల్లా, ఏం పోతది?’ అంటుంది. పిల్ల లోపలి గదిలోకి తీసుకెళ్లి, భుజం మీద మచ్చ చూపిస్తుంది.

పరీక్షకు పెద్ద సామాన్లేమీ అక్కర్లేదు. మెత్తగా తాకే బాల్‌పెన్ను మొన చాలు. కళ్లు మూసుకోమంటారు. మచ్చ మీద ఒకసారి, పక్కన మామూలు చర్మం మీద ఒకసారి పెన్నుతో తాకి, ఎక్కడ తగిలిందో వేలితో చూపించమంటారు. వేలు సరిగ్గా ఆ చోటికే వెళ్తే భయం లేదు. వెళ్లకపోతే మర్నాడు పొద్దున్నే ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్తారు.